గోడ మీద నిలిచిన మాటలు

రోజూ పొద్దున్నే దేముడమ్మ ఆరోగ్య ఉపకేంద్రం వాకిలి ఊడుస్తుంది. గోడ కింద రాలిన అక్షరాలుంటే చేటలోకి ఎత్తి, పెరట్లో ఆనపపాదు మొదట్లో పోస్తుంది. నరసన్నపేట దగ్గర ఆ ఊళ్లో ఎవరూ చదవని మాట గోడ మీద నిలవదు, తెల్లారేసరికి రాలిపోతుంది. అందులో వింతేమీ లేదు. పోలియో చుక్కల ప్రకటన అంతా రాలి ఒక్క తేదీ మిగిలితే, ఆ తేదీకే పిల్లల్ని ఎత్తుకొచ్చారు.

ఉబాలు మొదలై ఊరంతా వరినాట్లలో ఉన్నప్పుడు, పాముకాటు గురించి పైనుంచి కాగితం వచ్చింది. నర్సు యమున దాన్ని ఉన్నదున్నట్టు గోడ మీద దించింది. గట్టిగా కట్టు కట్టుట, బ్లేడుతో గాటు పెట్టుట, నోటితో విషము పీల్చుట వంటి చర్యలకు పాల్పడరాదని పెద్ద వాక్యం. ఆసుపత్రి మాట ఆఖర్న ఎక్కడో ఉంది.

మర్నాడు దేముడమ్మ చేటలో 'పాల్పడరాదు' కనిపించింది. యమున తలెత్తి చూసింది. గోడ మీద కట్టు కట్టుట, గాటు పెట్టుట, విషము పీల్చుట నిక్షేపంగా ఉన్నాయి. తడిగుడ్డ తెచ్చి గోడంతా తుడిచేసింది.

ఈసారి ఒక్కో మాటా విడదీసి, అంకెలు వేసి జాబితాగా రాసింది. పాముల రకాలు, చెప్పుల అవసరం, టార్చిలైటు, ఏదీ వదల్లేదు. తెల్లారేసరికి పైనున్న నాలుగు ముక్కలు తప్ప అన్నీ రాలిపోయాయి.

పొలానికి సైకిలు మీద వెళ్తున్న జగన్నాధాన్ని ఆపింది. "మావా, పూర్తిగా ఎందుకు సదవరు?"

"సైకిలు దిగకుండా ఎంత కనిపిస్తే అంతే సదువుతాను నర్సమ్మా. నాట్లోల్లు సూస్తన్నారు, నిలబడితే ఏటవుతాది?" అని అతను తొక్కుకుంటూ పోయాడు.

యమున అరుగు మీద కూర్చుంది. మనిషి కళ్లముందు పడిపోతే పక్కవాళ్లకు పాముల రకాలెందుకు? ముందు ఏం చేయాలి, ఏం చేయకూడదు, అంతేగా. కాగితంలో ఆఖర్న ఉన్న ఆసుపత్రి మాటను మొదటికి తెచ్చింది. పెద్ద అక్షరాలతో రాసింది:

1. 108కి ఫోన్ చెయ్యండి.
2. నడిపించొద్దు.
3. కాలో చెయ్యో కదలనివ్వొద్దు.
4. కట్టొద్దు. కొయ్యొద్దు. పీల్చొద్దు.

తెల్లారి దేముడమ్మ చేటలో దుమ్మే ఉంది. "ఈ రోజు పాదుకేటీ నేదు" అంది, కాస్త నొచ్చుకున్నట్టు.

ఆ వారంలోనే జగన్నాధాన్ని గట్టు మీద పాము కరిచింది. పక్క మడిలో ఉన్న బావమరిది సూరయ్య తలగుడ్డ విప్పి మడమ పైన బిగించబోయాడు. నాట్లేస్తున్న జగన్నాధం భార్య దుర్గాభవాని బురద చేత్తోనే అతని మణికట్టు పట్టుకుంది.

"కట్టకు, తమ్ముడా. ముందల ఫోన్ సెయ్యి."

"ఇసం పైకెక్కిపోతాది అప్పా."

"గోడ మీద కట్టొద్దని ఉన్నాది. రోజూ సూస్తన్నాను. ఫోన్ సెయ్యి."

సూరయ్య ఫోన్ చేశాడు. జగన్నాధం లేవబోతే దుర్గాభవాని భుజాలు పట్టి పడుకోబెట్టింది. నాట్లోళ్లు కర్రకు కట్టిన గోనెపట్టాలో అతన్ని మోసి రోడ్డెక్కించారు. దారిలో ఎవరూ అరవలేదు. దుర్గాభవాని మాత్రం ఆ నాలుగు ముక్కలూ మెల్లగా అనుకుంటూ పక్కనే నడిచింది.

శ్రీకాకుళంలో సూదిమందు పడింది. సాయంత్రం డాక్టరు కాలు పరీక్షించి, కట్టు గుర్తు ఎక్కడా లేకపోవడం చూసి, "ఇలా చేయాలని మీకెవరు చెప్పారమ్మా?" అనడిగాడు.

"ఎవులూ సెప్పలేదు బాబూ," అంది దుర్గాభవాని. "సదివాం."

దుప్పటి కింద జగన్నాధం కాలివేళ్లు కదిపాడు.