యాస్మిన్ వేరుచేసిన బ్యాక్టీరియా

సత్తెనపల్లి దగ్గర మిరప చేను తీసేసి చేపల చెరువు తవ్వించిన యలమందయ్య, తడి గోనెసంచిలో రెండు బొచ్చె చేపలు పెట్టుకుని గుంటూరులో మా ల్యాబ్‌కి వచ్చాడు. వాటి పొట్టల మీద ఎర్రటి పుండ్లు.

"రోజూ చచ్చి తేలుతున్నాయమ్మా," అన్నాడు.

పుండ్ల నుంచి తీసిన బ్యాక్టీరియాని పెంచాను. ఆరేళ్ల క్రితం ఇలాంటి జబ్బు చేపల నుంచే, అప్పట్లో ఇక్కడ నాతో పనిచేసిన యాస్మిన్ వేరుచేసిన రకం మా దగ్గరుంది. రెండింటినీ పోల్చుదామని పోషక ద్రవం పోసిన గాజు గొట్టాల్లో కదపకుండా ఉంచాను. కొత్తది గుంపులు కట్టి అడుగుకి దిగింది. యాస్మిన్‌ది మాత్రం పైనుంచి కింది దాకా ఒకేలా మసకగా ఉండిపోయింది.

కారణం యాస్మిన్‌కే తెలియాలి. ప్రాజెక్టు అయిపోయాక నెల్లూరు వెళ్లి రక్తపరీక్షల సెంటర్లో చేరింది. నాలుగేళ్లు ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్లం. అయినా ఫోన్ చెయ్యాలంటే ఈమధ్య నాకు ఏదో ఒక సాకు కావాల్సి వస్తోంది. ఇప్పుడు దొరికింది.

"ఎన్నిసార్లు కొత్త ప్లేట్లోకి మార్చారు దాన్ని?" అంది వినగానే.

"నువ్వెళ్లినప్పట్నుంచీ మారుస్తూనే ఉన్నాం."

"ఇంకేం, పైనున్న ప్రొటీన్ పొర పోయుంటుంది. ఆ పొర ఉంటేనే అవి ఒకదాన్నొకటి అంటుకుంటాయి, చేప ఒంటినీ పట్టుకుంటాయి. ల్యాబ్‌లో ఊరికే తిండి దొరుకుతుంటే వాటికి పొరతో పనేంటి? అసలుది ఫ్రీజర్లో దాచాను అన్వితా. కింది అర, పచ్చమూత."

తీసి పెంచాను. అదీ గుంపు కట్టింది. ట్యాంకుల్లో చేపపిల్లలకి ఎక్కించి చూస్తే, పొర ఉన్న రెండు రకాలు ఎక్కించినవాటికే పుండ్లు లేచాయి. ఒకదాన్నుంచి ఒకదానికి అంటకుండా యలమందయ్య చేత చచ్చిన చేపల్ని పూడ్పించి, చెరువులో చేపల్ని పలచన చేయించి, నీళ్లు మార్పించాం. మూడు వారాలకి చావులు ఆగాయి.

ఆ సంగతి చెప్పి, "ఒక్కసారి వచ్చి చూడవే," అన్నాను.

"రోజంతా సూదులూ, మూత్రం సీసాలూ," అంది. "మైక్రోస్కోప్‌లో చేప మొప్ప చూసి ఎన్నాళ్లయిందో!"

ఆదివారం వచ్చింది. చెప్పులు విప్పి నేరుగా మైక్రోస్కోప్ దగ్గరికే వెళ్లింది. మొప్ప ముక్క మీద గుంపులుగా అతుక్కున్నవాటిని చూస్తూ మధ్యాహ్నం దాకా కన్ను తియ్యలేదు. అన్నం చల్లారిపోయింది.

"ఇక్కడే ఉండిపో," అన్నాను.

"ప్రాజెక్టు వస్తే పిలువు. మర్నాడే వచ్చేస్తా."

ఇప్పట్లో ప్రాజెక్టు లేదని ఇద్దరికీ తెలుసు. నాలుగింటికి నెల్లూరు బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఏదో అంది, హారన్‌లో వినపడలేదు. బస్సు మలుపు తిరిగినా అక్కడే నిలబడ్డాను.