బీరువా వెనక గోడ

ఆస్పత్రి పాత భవనాన్ని పడగొట్టే ముందు ఏ గోడలో ఏముందో చూసి రాసుకోవడానికి సర్వే అమ్మాయి వచ్చింది. మూడు రోజులుగా పై అంతస్తులు తిరిగింది. ఈరోజు కిందికి, మా గదికి వచ్చింది.

నేను బాయిలరు మనిషిని. మా గది బాయిలరు గదిని ఆనుకునే ఉంటుంది. నలభై ఏళ్లుగా నేనూ మా ఆవిడా అందులోనే ఉంటున్నాం. కిటికీ ఒకటే. అదీ మెట్ల కిందికి తెరుచుకుంటుంది.

ఆ అమ్మాయి కప్పు చూసింది. నేల తట్టింది. బీరువా దగ్గర ఆగింది.

"దీని వెనక ఏముంది తాతా?"

"గోడ."

"గోడ కాక గుర్రం ఉంటుందా? దేంతో కట్టారూ అని."

"ఇటుక," అన్నాను.

ఇటుక అని రాసుకుంది.

రేపు పొద్దున్నే ఆ గోడ మీద సుత్తి పడుతుంది. పడగొట్టే మేస్త్రి మా అల్లుడే. మనుషుల్ని ముందుకు తోసి తను వెనక నిలబడే రకం కాదు. మొదటి దెబ్బ తనే వేస్తాడు. గోడలో ఏముందో చెబితే దాని పొడి అతను పీల్చడు. చెబితే తన దగ్గు ఎక్కడిదో మా ఆవిడకు తెలుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నా వెనక బీరువా.

మా ఆవిడ ఊరుకోలేదు.

"ఇటుకొక్కటేనా? ఈయన ఎప్పుడూ సగం మాటే చెబుతారమ్మా. పెళ్లైన కొత్తలో బాయిలరు వేడికి ఈ గోడ పెనంలా కాలేది. పైపులకు పూయగా మిగిలిన తెల్లపిండి తెచ్చి ఈయనే చేతులతో మెత్తారు. ఈ ఇంట్లో నేను చెప్పకుండా ఈయన చేసిన పని అదొక్కటే."

అమ్మాయి పెన్ను ఆగింది. నా వంక చూసింది.

"అమ్మమ్మా, మీరు గుమ్మం బయట నిలబడండి."

"బయటి గాలికి నాకు దగ్గొస్తుందే."

"ఒక్క ఐదు నిమిషాలు."

మా ఆవిడ గొణుక్కుంటూ లేచింది. బీరువా నేనే జరిపాను. అమ్మాయి నాకో మాస్కు ఇచ్చి తనూ పెట్టుకుంది. గోడ మీద నీళ్లు చిమ్మింది. చిన్న గొట్టం గుచ్చి తిప్పి, చిటికెడు తీసి సంచిలో వేసింది. రంధ్రానికి టేపు అంటించింది. సంచిని బల్బు దగ్గర పెట్టి చూసింది.

"రంగు ఇంత మందమేంటి? ఎన్ని పూతలు?"

"పదకొండు."

"బీరువా వెనక గోడకా?"

పదకొండేళ్ల కిందట బాయిలరు పైపుల మీది పాత పూత ఊడదీయడానికి మనుషులొచ్చారు. నెత్తి నుంచి కాలి దాకా సంచుల్లాంటి బట్టలు తొడుక్కున్నారు. ఆ పొడి ఊపిరిలోకి పోతే మళ్లీ బయటికి రాదని వాళ్ల పెద్ద చెప్పాడు. మా గోడ సంగతి నేను చెప్పలేదు. చెబితే గది ఖాళీ చేయమంటారు. మాకు ఇంకో గది లేదు. పైన రంగు పగలకపోతే పొడి లేవదని విన్నాను. ఏటా ఒక పూత వేశాను. గోడ మెత్తిన రోజుల్లో మా ఆవిడ నా చొక్కాలు దులిపి ఉతికేది. ఆ పొడికి ఏ పూత వేయను?

"ల్యాబు వాళ్లు చెప్పడానికి నాలుగు రోజులు పడుతుంది," అంది అమ్మాయి. "మీకు తెలిస్తే ఇప్పుడే చెప్పండి తాతా. రేపటి పని ఆపిస్తాను."

గుమ్మంలో మా ఆవిడ వింటోంది.

"ఆస్బెస్టాస్," అన్నాను. "గోడంతా అదే. ఇటుక అని రాసింది కొట్టెయ్."

అమ్మాయి ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లింది.

"పదకొండేళ్లా?" అంది మా ఆవిడ.

"ఊఁ."

"ఏటా రంగెందుకని నేనడిగితే చెమ్మ అన్నారు."

"అన్నాను."

ఆమెకు దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గింది. నీళ్లు ముంచి ఇచ్చాను. తీసుకోలేదు.

అమ్మాయి తిరిగొచ్చి తలుపుకి ఎర్ర స్టిక్కరు అంటించింది. పని ఆగిందట. అల్లుడికి కూడా చెప్పారట.

"ఇక ఈ గదిలోకి ఎవరూ రాకూడదు. సామాను కూడా ఇప్పుడు కదపకండి. శుభ్రం చేశాకే తీయాలి."

"అయితే ఈయన్ని కూడా సామానుతో పాటు లోపలే ఉంచెయ్యమ్మా," అంది మా ఆవిడ.

అమ్మాయి నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. నేను బయటికి రావాలంటే ఆమె గుమ్మంలోంచి పక్కకి జరగాలి. జరగలేదు.