ఎస్తర్ వెంట నడిచిన బంతులు

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి, నమ్మేవాళ్ళకే ఇక్కడ కుర్చీలు చాలడం లేదు.

మన తాతలు ఓడెక్కి వచ్చిన ఈ రేవుపట్నంలో, లమ్మడా పేటలో ఎస్తర్ రోజూ పొద్దున్నే ఆరింటికి బజారుకి బయల్దేరేది. వెనకాలే బంతులు. ముప్పయ్యో నలభయ్యో, కోడిపిల్లల్లా మేడమెట్లు దిగి ఆమె వెంట దొర్లేవి. అవన్నీ ఎక్కేదాకా బస్సు ఆగేది. తెలుగు వీధుల్లోంచి ఫుట్‌బాల్‌కి దిగిన మొదటి ఆడది మరి. ఆమె పెనాల్టీ కొడితే సేక్కాన్ రేవులో ఓడ పక్కకి ఒరిగింది. రెండు ఒరిగాయి గానీ, ఒకటనే చెప్పుకుందాం. పరుగులోనూ పతకాలే. అన్నీ మెళ్ళో వేసుకున్న రోజు నిలబడ్డచోట నేల జానెడు దిగింది. లైంగ్‌థార్యార్ కుట్టు ఫ్యాక్టరీల అమ్మాయిలతో పన్నెండు జట్లు కట్టిందీ ఆమే.

ఆ జట్లన్నీ ఎత్తేస్తానన్నాడు మన తెలుగు ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడు ప్రభుదాసు. ఆపాలంటే ఆ ఆదివారం అధ్యక్ష ఎన్నికలో ఎస్తర్ గెలవాలి. ఎన్నిక చర్చి పద్ధతిలోనే: అందరూ తలొంచి, కళ్ళు మూసుకుని చెయ్యెత్తాలి. అధ్యక్షుడొక్కడే చూసి లెక్కపెడతాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆయనే లెక్కపెట్టాడు, ఆయనే గెలిచాడు.

ఎస్తర్‌కి ఆవేళ ప్రతిదీ అనుమానమే. ప్రభుదాసు భార్య చిన్నతల్లికీ క్లబ్బులో ఓటుంది. ఆవిడ టీ అందిస్తే, ఇంత చక్కెర దేనికేసిందా అనుకుంది. గోల్‌కీపర్ ఆలిస్ నవ్వితే, ఎవర్ని చూసి నవ్విందోనని వెనక్కి తిరిగింది.

"ఒక కన్ను తెరిసి సూడప్పా. ముసిలోడు ఎన్ని మింగేస్తన్నాడో తెలుస్తాది," అంది ఆలిస్.

"ప్రార్థనలో కళ్ళు తెరుస్తానేటే? ఒక్క ఫౌల్ లేకండా ఆడినదాన్ని."

"నువ్వు ఆడినావు. ఇక్కడ రిఫరీ కూడా ఆడతన్నాడు గదా."

అందరూ కళ్ళు మూసుకున్నాక ప్రభుదాసు ముందు తనకి చేతులెత్తమన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎస్తరమ్మకి," అన్నాడు.

ఆమె కుర్చీకింద బంతులు కదిలాయి. ఒకటి, ఇంకోటి, దొర్లుకుంటూ దూరమైపోయాయి. నలభై ఏళ్ళలో ఏ బంతీ ఆమెను వదిలిపోలేదు. ఇవి కూడా ఆయన పక్షానికేనా? ఎస్తర్ రెప్ప వణికింది. తెరవలేదు.

"ఏడు," అన్నాడు ప్రభుదాసు. "నాకు ఇరవైనాలుగు. ఆమేన్. కళ్ళు తెరవండి."

తెరిచారు. ఎత్తిన చేతులు దిగలేదు. ఒక్కో అరచేతిలో ఒక్కో బంతి కుదురుగా కూర్చునుంది. అదేమిటని ఎవరూ అడగలేదు. ఆలిస్ మాత్రం ఖాళీగా ఉన్న రెండో చేత్తో చూపిస్తూ పైకే లెక్కపెట్టింది. పంతొమ్మిది.

"మావా, ఏడు తరవాత అంకెలు మరిసిపోనావేటి?"

ప్రభుదాసు పక్కకి చూశాడు. అటు చూస్తూనే క్లబ్బు తాళాలు తీసి ఎస్తర్ ముందు పెట్టాడు. పన్నెండు జట్లూ ఇవాళ్టికీ ఆడుతున్నాయి.

కల్పించినదంటారా, వెళ్ళి చిన్నతల్లిని అడగండి. పంతొమ్మిదో బంతి ఆవేళ ఆవిడ చేతిలోనే ఉంది.