టైలరుగారి కుడికాలు

చీలమండ విరిగి ఆపరేషనయ్యాక టైలరుకు కర్ర సాయంతో నడక వచ్చింది గాని, మిషను తొక్కడం రాలేదు. ఎముక అతుక్కుందనీ, ఇక కీలు వంగడమే మిగిలిందనీ డాక్టరు చెప్పాడు. ఆ కీలేమో తుప్పుపట్టిన గడియలా బిగుసుకుని కూర్చుంది. మిషను తొక్కలేని టైలరు ఏ పనికొస్తాడని ఆయన బెంగ.

వ్యాయామం చేయించడానికి ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికే వచ్చేది. కాలు స్టూలు మీద చాపించి, "పాదం కిందికి వంచండి బాబాయ్" అనగానే ఆయన కళ్లు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, ఒళ్లంతా బిగబట్టేవాడు. మోకాలు కదిలేది, తుంటి కదిలేది, మీసం కూడా కదిలేది. పాదం మాత్రం మొండికేసేది.

"దేవుణ్ణి అడుగుతూనే ఉన్నానమ్మా" అన్నాడు ఒకరోజు దిగులుగా.

"ఏమని అడుగుతున్నారో కనుక్కో అమ్మా" అంది భార్య వంటింట్లోంచి. "కాలు కదపకుండానే నయం చెయ్యమంటున్నారేమో."

టైలరు నవ్వాడు గాని, మాట లోపలెక్కడో గుచ్చుకుంది. తను అడుగుతున్నది నిజంగా అదేనా?

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి మిషను ముందు కూర్చుంది. మనవరాలి గౌను సగం కుట్టి ఆగిపోయింది మరి. "మీ కాలు దారికొచ్చేలోగా దానికిది పొట్టయిపోతుంది" అంటూ తొక్కింది. ఆయన ఇన్నేళ్లలో ఆ మిషను ఎవరినీ ముట్టనివ్వలేదు. చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కుమంది. మళ్లీ ఎక్కించింది. మళ్లీ పుటుక్కు.

టైలరు ప్రాణం గిలగిల్లాడింది. "అలా తన్నకే తల్లీ, అది మిషను, బంతి కాదు. చక్రం చేత్తో ముందుకు తిప్పి, అప్పుడు తొక్కు. మునివేళ్లు, మడమ, మునివేళ్లు, మడమ..."

"నోటితో చెప్తే నాకేం తెలుస్తుంది? చూపించండి."

"ఇదిగో, ఇలా."

"ఆపకండి బాబాయ్" అంది అమ్మాయి మెల్లగా. "పిన్నికి అలాగే చూపిస్తూ ఉండండి."

ఆయన కిందికి చూశాడు. స్టూలు అంచు దాటి గాలిలో ఉన్న కుడిపాదం, లేని మిషనును తొక్కుతోంది. చూస్తే ఆగిపోతుందేమోనని భయపడ్డాడు. ఆగలేదు. కొత్తబట్టను సాగదీసినట్టు కీలు దగ్గర పీకింది, అంతే.

కాసేపటికి అమ్మాయి ఆయన్ని మిషను దగ్గర కూర్చోబెట్టింది. "మెల్లగా, బరువెయ్యకుండా" అంది. చక్రం ముందుకే తిరిగింది. వెంట్రుకవాసి తేడా వచ్చినా కుట్టు విప్పేసే మనిషి, ఆ రోజు వంకరటింకరగా పోతున్న అంచును మురిపెంగా చూసుకున్నాడు.

"విప్పమంటారా?" అంది భార్య కత్తెర అందుకుని.

"జోలికి రాకు. ఇంత బాగా ఎప్పుడు కుట్టాను?"