ట్రౌట్‌ని వదిలే పద్ధతి

అయినా కోడి ఈకని చూసి ఈగ అని భ్రమపడే చేప ఎంత వెర్రిబాగులదై ఉండాలి అనుకుంది ఏసుకుమారి, తొడలదాకా ఎక్కిన రబ్బరు బూట్లతో ఏటి మధ్యలో నిలబడి, జూలై ఎండలోనూ బూటు బయటినుంచే నీళ్ళ చలి ఎముకల్ని తడుముతుంటే, చేప సంగతేమో గాని ఆయన వెర్రి మాత్రం నిజం, శనివారం వస్తే చాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని కంటికి ఆనని కొక్కేనికి ఈకలు చుట్టేవాడు, దారం నచ్చకపోతే ఆమె వంకాయరంగు చీర అంచులోంచి ఒక పోగు లాగేవాడు, చీర మీదా మీ ప్రతాపం, మా చీరాల ఓడరేవులో మా నాన్న ఒక్క వలకి బుట్టెడు తెచ్చేవాడు, మీరు పొద్దుటినుంచి సాయంత్రందాకా నిలబడి ఒక్కటి తెస్తారు, దాన్నీ ఒక్కోసారి వదిలేసి వస్తారు అని దెప్పితే జయసాగర్ నవ్వేవాడు, ఒక్కసారి వచ్చి చూడు కుమారీ, ఏరు పక్కన మనిషికి ఊపిరాడుద్ది అనేవాడు, నాకెందుకొచ్చిన చలి, మీరే వెళ్ళి రండి అనేది, ఎంత విసుగులోనైనా వెళ్ళండి అని ఊరుకునేది కాదు, సముద్రం మీదికి పడవ తోసుకుంటూ పోయే మనిషితో ఓడరేవులో ఏ ఆడదీ వెళ్ళు అనదు, వెళ్ళి రా అంటుంది, చిన్నప్పుడు ఒకసారి నాన్నతో వెళ్ళు అన్నందుకు అమ్మ మూతి మీద కొట్టింది, ఆ దెబ్బ ఇప్పటికీ పెదవికి గుర్తే.

ఒడ్డు మీద ముఖ్తార్ నిలబడి ఉన్నాడు, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, జిండెల్ఫింగెన్ అనే ఈ జర్మన్ ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీలో జయసాగర్ పక్క సీటు, చేపల లైసెన్సు పరీక్ష ఇద్దరూ కలిసే రాశారు, హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ తప్ప నీళ్ళు చూడనోడు కూడా పాసయ్యాడని ఆయన ఏడిపించేవాడు, ఆ పరీక్షే ఈ వసంతంలో ఆమె రాసింది, లాక్‌డౌన్ ఇంట్లో ఒక్కతే కూర్చుని, జర్మన్‌లో, ఎందుకో తనకే తెలియదు, టోపీకి ఆయన గుచ్చి వదిలేసిన చివరి ఈకల ఈగ అలాగే ఉండిపోయింది, అందులో తన చీర పోగుంది, దాన్ని తుక్కులో వెయ్యలేక, దాచనూ లేక.

జనవరిలో కోవిడ్ వార్డు నుంచి డాక్టరు ఫోన్ చేశాడు, నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు, ఊపిరితిత్తుల్లో ఇంక ఏమీ లేదు, మెషీన్ ఆపుదామా అని, ఆమె వద్దంది, నోఖ్ ఐన్ బిస్‌షెన్, ఇంకొంచెం, ఒక్క రెండు రోజులు అంది, చీరాల పాస్టరుగారు జూమ్‌లో ప్రార్థన పెట్టారు, నర్సు ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి మాట్లాడమంటే ఆమెకి ఒక్క మాటే వచ్చింది, రండి, ఇంటికి రండి, రెండు రోజులూ అదే మాట, మూడో రోజు పదింటికి వచ్చి చూడమని ఆమెకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఇచ్చారు, చావుకీ టెర్మినే ఈ దేశంలో, తలదువ్వుకుని, ఆయనకిష్టమని వంకాయరంగు చీరే కట్టుకుని, పైన కోటు వేసుకుని వెళ్తే తెల్లారకముందే వెళ్ళిపోయారన్నారు, అప్పట్నుంచి లోపల ఒకటే రంపం, ఆ రెండు రోజులూ ఆయనకి నొప్పి తెలిసిందా, తెలిసుంటే ఆ నొప్పి పెట్టిందెవరు, డాక్టర్నడిగితే మత్తులో ఉన్నారు, తెలియదు అన్నాడు, తెలియదన్నది ఎవరికో.

చటుక్కున దారం బిగిసింది, గాలపు కర్ర విల్లులా వంగింది, చేతిలో ప్రాణం కొట్టుకుంటోంది, ఏసుకుమారి ఒంట్లోకి ఓడరేవు వచ్చేసింది, పెద్ద చేప పడితే తొందరపడకూడదు, అలిసేదాకా ఆడించాలి అనేవాడు నాన్న, ఆమె ఆడించింది, వదిలి లాగింది, లాగి వదిలింది, ఒడ్డు మీంచి ముఖ్తార్ ఏదో అరుస్తున్నాడు, గుంజుకోండి భాభీ, జల్దీ, ఆడించకండి, అలసిపోతది, తర్వాత ఇడిసినా బతకదు, ఆ మాట చెవిలోంచి గుండెలోకి దిగడానికి కొంచెంసేపు పట్టింది, దిగాక ఆమె ఆడించడం మానేసి గబగబా దారం చుట్టేసింది.

దగ్గరికొచ్చింది ఎంత, ఒంటినిండా ఎర్రచుక్కల జానెడు పిల్ల, కొలతకి తక్కువ, వదిలేయాల్సిందే, చేతులు తడుపుకుని పట్టుకుంది, ముల్లు లేని కొక్కెం ఇట్టే వచ్చేసింది, వదిలితే మాత్రం పక్కకి ఒరిగిపోయింది, తెల్లటి పొట్ట పైకి తేలింది, అయ్యో దేవుడా, ముఖ్తార్ నీళ్ళలోకి దిగి ఆరడుగుల దూరంలో ఆగిపోయాడు, అలవాటైన దూరం, పొట్ట కింద చెయ్యి పెట్టండి భాభీ, మొహం నీళ్ళు వచ్చే దిక్కు పెట్టండి, నీళ్ళే ఊపిరిస్తయి, సాగర్ భాయ్ ఇట్లనే పట్టుకునేటోడు, ఆమె పట్టుకుంది, ఏరు వచ్చి మొప్పల్లోంచి పోతోంది, మొప్పలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, తెరుచుకున్నాయి, ఫోనులో ఆయన పక్కన మెషీన్ చప్పుడు కూడా ఇలాగే, తెరుచుకుని మూసుకుని, మాట్లాడండి అంటోంది నర్సు, తోక కదిలింది, వేళ్ళ మధ్య ఒక చిన్న తోపు, ఇగ ఇడిసెయ్యండి భాభీ, అది పోతది అన్నాడు ముఖ్తార్, ఇంకొంచెం అంది ఏసుకుమారి.

అని, తన గొంతు తనే విని ఆగిపోయింది, అదే మాట, అదే గొంతు, చేపకి ఊపిరి వచ్చేసింది, ఇప్పుడీ పట్టు చేపకోసం కాదు, ఆ రెండు రోజులూ ఆయనకోసం కాదు, తెలుసు, ఇన్నాళ్ళూ ఈ తెలిసినదాని చుట్టూనే తిరిగింది, కానీ ఇది తెలియదు, ఆ మత్తులో, ఆ మెషీన్ కింద, రండి రండి అని చెవిలో పిలుస్తుంటే పెళ్ళాం మాట కాదనలేని మనిషి ఎటు వెళ్తాడు, ఎవరూ వెళ్ళమనకుండా ఎలా వెళ్తాడు, చెప్పకుండా పోయారని ఇన్ని నెలలూ లోపల్లోపల ఆయన్నే సాధించింది, పంపాల్సింది తనే, పంపలేదు, ఒక్క మాట, అమ్మ మూతి మీద కొట్టి మాన్పించిన మాట, ఆ ఒక్కటీ ఆయనకి బాకీ పడిపోయింది.

ఆమె వేళ్ళు తెరిచింది, వెళ్ళండి అంది, చేపకి ఆ మర్యాదేంటని ముఖ్తార్ అడగలేదు, తల తిప్పుకున్నాడు, ఎర్రచుక్కలు ఒక్క క్షణం అరచేతి మీద ఆగి ఏటికి ఎదురుగా వెళ్ళిపోయాయి, ఏసుకుమారి చెయ్యి అలాగే నీళ్ళలో ఉంచి మళ్ళీ అంది, వెళ్ళండి, రండి అనలేదు.