ఆమె మీసం ఎందుకు పెట్టుకుంది

కందిపప్పు కడుగుతున్న ఎస్తేర్, ముందుగదిలో టీవీ పాట వినపడగానే తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. అదే సినిమా! పేరు కూడా ఎవరికీ గుర్తులేని పాత నలుపు తెలుపు సినిమా. అందులో తలుపు వేస్తే సెట్టు గోడ ఊగుతుంది. పాటలు మారినా హీరోయిన్ చీర మారదు. అయినా ఆ పిల్ల పాడుతూ చీపురు తిప్పుతుంటే ఎస్తేర్‌కు ఎక్కడలేని హుషారు వస్తుంది.

పెళ్లయిన ఆరేళ్లలో నాలుగుసార్లు చూసింది, ఒక్కసారీ సాంతం చూడలేదు. ఛాయ్ పెట్టడానికి లేచినప్పుడు చీరలో ఉన్న హీరోయిన్, తిరిగొచ్చేసరికి పంచె కట్టి మీసంతో ఉంటుంది. ఎందుకో తెలియదు. భర్త సుకుమార్‌ను అడిగితే "చిల్లర సినిమా. చెప్పినా నీకు సమజ్ కాదు" అన్నాడు. హైటెక్ సిటీలో తను నేల తుడిచే కంపెనీలో, కొత్త మిషన్ ఎలా నడుస్తుందని అడిగినా సూపర్‌వైజర్ నోట అదే మాట. వినీ వినీ, నిజంగానే తన బుర్ర మందమేమోనని ఆమెకు అనుమానం పట్టుకుంది. ఊరు కనకమామిడి నుంచి రెండు బస్సులు మారి పనికి పోతూ కూడా ఆ మీసం గురించే తికమకపడేది.

ఈ ఆదివారం చర్చి నుంచి వచ్చిన అత్త సారమ్మ కూడా టీవీ ముందే కూర్చుంది. చేవెళ్లలో డేరా టాకీసు ఉన్న రోజుల్లోనే చూసిందట ఈ సినిమా. ఎస్తేర్ పక్కన చేరింది.

"అత్తమ్మా, ఆమె మీసం ఎందుకు పెట్టుకున్నది?"

"నాకూ తెల్వది బిడ్డా. గప్పుడే మీ ఆయన ఏడ్వబట్టిండు. సంకనేసుకొని డేరా బయటికి పోయిన. మల్లొచ్చేటాల్లకు మీసమున్నది."

ఎస్తేర్ అత్త వైపు తిరిగి చూసింది. ఊళ్లో ఎవరికి పేచీ వచ్చినా సారమ్మ సలహాకే వస్తారు. ఆమె బుర్ర మందమని ఎవరూ అనలేదే!

లోపలి గదిలోంచి సుకుమార్ కేకేశాడు. "ఏమే, ఛాయ్ ఏమాయె?"

అలవాటుగా లేచింది. తెర మీద హీరోయిన్ ఇంకా చీరలోనే ఉంది. ఎస్తేర్ మళ్లీ కూర్చుంది.

"పాలు పొయ్యి పక్కన్నే ఉన్నయి. జర మీరే పెట్టుకోండ్రి."

"నాకో కప్పు పట్టుకరా బిడ్డా," అని కొడుక్కి చెప్పింది సారమ్మ, తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా.

తెర మీద, పాటలు పాడే కొలువు అడగడానికి నాటకాల కంపెనీకి వెళ్లిన హీరోయిన్‌ను, నోరు తెరవకముందే పంపేశాడు మేనేజరు. ఆమె పంచె కట్టి, మీసం అంటించుకుని మళ్లీ వచ్చింది. అదే మేనేజరు లేచి కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు, పాట సాంతం విన్నాడు.

"గింతేనా!" అంది సారమ్మ.

ఎస్తేర్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇందులో తనకు అర్థం కానిది ఒక్కటి కూడా లేదు.