ట్యాంకు మూత తీసిన మనిషి

ఊళ్లో వాంతులు, జ్వరాలు మొదలయ్యాక ఆ ఫోటో వీధి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఎవడో నీళ్ల ట్యాంకు మూత తీసి లోపలికి వంగి ఉన్నాడు. మొహం కనబడదు. కింద రాసి ఉంది: ‘కళ్లద్దాల షాపు యూదుడు మన నీళ్లలో ఏం కలుపుతున్నాడో చూడండి.’

ఎనిమిదో తరగతి చరిత్ర టీచరుకు గ్రూపులు చూసే తీరిక లేదు. ఆ పూట ఆమె ప్లేగు కాలం పాఠం చెబుతోంది. ఐరోపాలో యూదులే బావుల్లో విషం కలిపారని పుకారు పుట్టించి, వేలమంది యూదుల్ని చంపేశారని చెప్పేసరికి పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ మూడో బెంచీ వైపు తిరిగారు. అక్కడ కళ్లద్దాలాయన మనవరాలు పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది.

పిల్లల్ని అడిగి ఫోటో సంగతి తెలుసుకున్నాక టీచరు పాఠం ఆపి అందరినీ కంప్యూటర్ గదికి తీసుకెళ్లింది. ఫోటో పుట్టుపూర్వోత్తరాలు ఎలా వెతకాలో చూపించింది. కాసేపట్లోనే దొరికింది. ఎన్నో ఏళ్ల కిందటి ఫోటో. ఎక్కడో పరాయి దేశంలో ట్యాంకు కడుగుతున్న పనివాడు.

“మరి మన గ్రూపులో పెట్టిందెవరో కూడా వెతకాలి కదా టీచర్?” అన్నాడొకడు.

“వెతకక్కర్లేదు. మా నాన్న ఫోన్లో చూశా,” అంది ముందు బెంచీ అమ్మాయి. “మీ బావగారే.”

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది టీచరుకు.

బావగారు తండ్రి తర్వాత తండ్రిలా తమ్ముణ్ణి, అంటే ఆమె భర్తను, చదివించినవాడు. వాళ్లుండేది ఆయన మేడమీదే. భోజనాలు కింద, అందరూ కలిసే.

“బావగారూ, ఆ ఫోటో అబద్ధమండీ,” అంది ఆ రాత్రి కంచం ముందు కూర్చుని.

“నేను తీశానా అమ్మా? నాకొచ్చింది, నలుగురికీ పంపా. నిప్పు లేందే పొగ రాదుగా. బళ్లో పాఠాలు బళ్లోనే ఉండనీ.”

భర్త పెరుగన్నం కలుపుకున్నాడు. మేడెక్కాక మాత్రం, “అన్నయ్యతో తగువు పెట్టుకుని ఎక్కడికి పోతాం? ఊరుకో,” అన్నాడు.

ఆమె ఊరుకోలేకపోయింది. గ్రూపులో బావగారు పెట్టిన ఫోటో కిందే, అది అసలు ఎక్కడిదో చూపే లింకు పెట్టి, ‘ఇది మన ఊరిది కాదు, దయచేసి తీసేయండి’ అని రాసింది. మర్నాడు తోటికోడలు, వంట ఇక విడిగా చేసుకోమని పనిమనిషితో కబురు పంపింది.

ఆ సాయంత్రం కళ్లద్దాలాయన బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

“మంచి మనసుతోనే చేశారమ్మా, కాదనను. కానీ నాలుగు రోజులైతే మర్చిపోయేవాళ్లు. ఇప్పుడు మళ్లీ అందరి నోళ్లలో మేమే నానుతున్నాం. పొద్దున షాపు తలుపు మీద బురద కొట్టారు.” గేటులోంచి క్లాసుల వైపు చూశాడు. “పాఠం మానకండి. చెప్పేటప్పుడు మా పిల్ల వైపు మాత్రం చూడకండి.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పటినుంచి ఆమె క్లాసులో వెనక గోడను చూస్తూ పాఠం చెప్పింది.

తర్వాతి వారం వీధిలో తవ్వారు. మురుగు గొట్టం పగిలి మంచినీళ్లలో కలుస్తోంది. బాగుచేశారు, జ్వరాలు తగ్గాయి. ఫోటో మాత్రం గ్రూపులో అలాగే ఉంది.

“ఆ గొట్టం కూడా వాళ్లే పగలగొట్టుంటారు,” అన్నాడు బావగారు మెట్లమీద చెప్పులేసుకుంటూ, వాన పడేలా ఉందన్నంత మామూలుగా. పక్కనున్న ఆమె భర్త తలూపాడు. ఆమె వాళ్లిద్దర్నీ దాటుకుని బడికి వెళ్లింది.

క్లాసయ్యాక మూడో బెంచీ పిల్ల బల్ల దగ్గరకొచ్చింది.

“మీరు నన్ను చూడటం మానేశారు టీచర్.”

“మీ తాతగారు...”

“తెలుసు. అందరినీ అడిగినట్టే నన్నూ ప్రశ్నలడగండి. చాలు.”

మర్నాడు టీచరు ఆ పిల్లను ప్లేగు ఏ శతాబ్దంలో వచ్చిందని అడిగింది. పిల్ల లేచి తప్పు చెప్పింది. టీచరు దిద్ది, పక్క పిల్లవాణ్ణి ఇంకోటి అడిగింది. ఎవరూ మూడో బెంచీ వైపు తిరగలేదు.

గంట కొట్టారు. వంట వేరైనప్పటినుంచి వెతుకుతున్నా వేరే ఇల్లు ఇంకా దొరకలేదు. ఆమె సంచీ సర్దుకుని బావగారి ఇంటికే బయల్దేరింది.